జాబిర్ జాతి పరిశీలనలో ఉంది

ఎవరి పాత్ర వాళ్ళే వెయ్యాలని ఉత్తర్వు వచ్చిన వారంలో మా సీరియల్లో నలుగురు చచ్చిపోయారు.

నటులు నలుగురూ నిక్షేపంలా ఉన్నారు. పాత్రలే పోయాయి. కర్నూలు అత్తగారి వేషం వేసే ఆవిడది తెనాలి అని తేలింది. శుక్రవారం ఎపిసోడ్లో ఆవిడ మెట్ల మీద నుంచి జారిపడింది. కరీంనగర్ మామగారు ఏలూరు మనిషి కావడంతో కాఫీ తాగుతూ గుండె పట్టుకున్నాడు. మార్వాడీ సేటు తుని వాస్తవ్యుడు. బంధువుల పెళ్ళికి జోధ్‌పూర్ వెళ్తున్నానని బయలుదేరి దారిలోనే పోయాడు. అన్నిటికన్నా ఘోరం కవల పిల్లలది. కథ ప్రకారం ఒకతి విశాఖపట్నంలో పెరిగింది, రెండోది వరంగల్లో. ఇద్దరినీ వేసేది ఒకే అమ్మాయి. ఉత్తర్వు వేసిన మండలి ఆ అమ్మాయికి విశాఖ సర్టిఫికెట్ ఒక్కటే ఇచ్చింది. వరంగల్ పిల్లను నేనే పాము చేత కరిపించాను.

నేను 'మెట్టినింట మేఘమాల' అనే ధారావాహికకు మాటలు రాస్తాను. ఆ వారంలో మాటల కన్నా ఏడుపులే ఎక్కువ రాశాను.

దీనికంతటికీ మూలం ఒక సన్మానసభ. అందులో ఒక నటి మైకు పుచ్చుకుని, "శ్రీకాకుళం పనిమనిషి వేషం ఉంటే దానికైనా శ్రీకాకుళం మనిషిని పిలవరా? మా యాసతో జనాన్ని నవ్విస్తారు గానీ మాకు పని ఇవ్వరా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. సభంతా చప్పట్లు కొట్టింది. ప్రభుత్వం వారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమని భావించి, ఒక మండలిని వేశారు. దాని పేరు తెర ప్రాతినిధ్య పరిరక్షణ మండలి. అధ్యక్షులు డాక్టర్ భృగుమూర్తి గారు. ఆయన చేపల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ చేప ఏ నీళ్ళలో ఉండాలో నిర్ణయించిన అనుభవం ఉంది గనక ఆయనే తగినవారని పైవాళ్ళు అనుకున్నారట. ఆ నటికి మాత్రం ఇంకా వేషం రాలేదు. ఆవిడది శ్రీకాకుళంలో ఏ మండలమో మండలి వారు విచారిస్తున్నారు.

"రైటర్ గారూ, ఇలా చంపుకుంటూ పోతే ఇంక వంటింట్లో గ్యాసు బండ తప్ప ఎవరూ మిగలరండీ," అంది మా నిర్మాత దమయంతి గారు. ఆవిడది గుడివాడ. మనిషి ఖచ్చితం. నవ్వినా ఏడ్చినా గొంతు ఒకటే.

అంతలో రెండో ఉత్తర్వు వచ్చింది. "సమకాలీన నగర జీవనమునందు విదేశీ జాతుల ఉనికిని దృష్టియందుంచుకొని, ప్రతి ధారావాహికయందును కనీసము ఒక విదేశీ జాతి పాత్రను సగౌరవముగా ప్రవేశపెట్టవలెను."

సరే, సగౌరవంగానే ప్రవేశపెడదామని కూర్చుని ఆలోచించాను. మా కథానాయిక మేఘమాల వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకుండే కెన్యా డాక్టరు. పేరు శామ్యూల్. బామ్మ మోకాళ్ళ నొప్పికి మందిస్తాడు, అప్పుడప్పుడు కింద భోంచేస్తాడు, ఇంట్లో గొడవలైతే తన గది తలుపు మర్యాదగా దగ్గరికి వేసుకుంటాడు. రాస్తున్నంతసేపూ నా మనసులో ఒక్కడే మెదిలాడు: జాబిర్.

జాబిర్ బిన్ మర్జాన్‌ని మీరు చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. మన సినిమాల్లో మత్తుమందుల ముఠా గోదాముకు హీరో వెళ్ళినప్పుడు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే నల్లటి ఆజానుబాహువు అతనే. హీరో అతణ్ణి మొదట కొడతాడు. అతను డ్రమ్ముల మీద పడతాడు. అంతటితో పాత్ర సమాప్తం. నిజాం కాలంలో గుర్రపు దళంలో కొలువుకు ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికులు హైదరాబాదులోనే ఉండిపోయారు. జాబిర్ వాళ్ళ వంశం. ఆ దళం పేరుతోనే ఉన్న ఏసీ గార్డ్స్ పేటలో ఇల్లు. పెళ్ళిళ్ళలో మర్ఫా డోళ్ళు వాయిస్తాడు, సినిమాల్లో తన్నులు తింటాడు. మొదటిదానిలో గిరాకీ ఎక్కువ, రెండోదానిలో పేరు ఎక్కువ అంటాడు.

వాళ్ళింటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ మర్యంబీ మా సీరియలే చూస్తోంది. నన్ను చూడగానే టీవీ చప్పుడు తగ్గించి, "ఆ వరంగల్ పోరి నీకేం జేసింది బేటా? పామునెందుకు తోలినవ్?" అని నిలదీసింది. ఉత్తర్వు గురించి చెప్పాను. ఆవిడకు ఎక్కలేదు. నిజానికి నాకూ ఎక్కలేదు.

జాబిర్ తల దువ్వుకుంటూ వచ్చాడు. అతనికి జుట్టు మీద మహా శ్రద్ధ. కథంతా విని, దువ్వెన పట్టుకునే నిలబడిపోయాడు.

"తన్నులున్నయా?"

"లేవు."

"సచ్చుడు?"

"లేదు."

"పోలీసోళ్ళు?"

"ఒక్కసారి వస్తారు. వాళ్ళ ఇన్‌స్పెక్టర్‌కి కూడా మోకాళ్ళ నొప్పే."

జాబిర్ తల్లి వంక చూశాడు. "అమ్మీ, ఇంట్ల ఉండే వేషమట," అన్నాడు. అంతపెద్ద మనిషి గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎన్నడూ వినలేదు.

మండలి కార్యాలయంలో నిర్ధారణ విచారణకు నేనూ వెంట వెళ్ళాను. భృగుమూర్తి గారు సన్నగా, ఇస్త్రీ చేసినట్టుగా ఉంటారు. ఆయన ఎదుటి మనిషి మొహంలోకి చూడరు. కళ్ళు మూసుకుని వింటారు. మొహం మోసం చేస్తుందనీ, ధ్వనియే జాతి లక్షణమనీ ఆయన సిద్ధాంతం. ఉద్యోగంలో ఉండగా ఒకసారి చేపల మేత మీద జరిగిన సదస్సుకు నైరోబీ వెళ్ళి వచ్చారు. అందుచేత ఆఫ్రికాకు సంబంధించిన విషయాలన్నీ స్వయంగా ఆయనే పరిష్కరిస్తారు.

"స్వదేశము?"

"ఏసీ గార్డ్స్ సార్."

"అది దేశము కాదు."

"మాసబ్‌ట్యాంక్ పక్కకు సార్."

"మీ పూర్వీకులది?"

"మా తాతకు తాత ఆఫ్రికకెల్లి వచ్చిండంటరు సార్. గుర్రాల పల్టన్ల."

"ఆఫ్రికాలో ఏ దేశము?"

జాబిర్ కాసేపు తంటాలు పడ్డాడు. "అప్పటికి ఇంక దేశాలకు పేర్లు పెట్టలేదేమో సార్," అన్నాడు.

"నైరోబీ ఎరుగుదురా?"

"లేదు సార్."

"నేను ఎరుగుదును," అన్నారు భృగుమూర్తి గారు, కళ్ళు మూసుకునే. "ఒకసారి నవ్వుడు."

జాబిర్ నవ్వాడు. పాపం, అలా చెప్పి నవ్వమంటే ఎవరి నవ్వు బాగుంటుంది?

"ఆఫ్రికా వారి నవ్వు ఉదరమునుండి వెలువడును. మీది కంఠముననే ఆగిపోవుచున్నది. మీరు ఆఫ్రికావారు కారు."

జాబిర్ ఏమీ నొచ్చుకోలేదు. పైగా అతని మొహం వెలిగింది. "నేను జెప్పేది గదే సార్. నేను గీడనే పుట్టిన, గీడనే పెరిగిన. తెలుగోడినని రాసియ్యుండ్రి. శామ్యూల్ వేషం పోతే పోయె. తెలుగోని వేషం ఏదన్న జేస్త."

భృగుమూర్తి గారు కొంచెం చిరాకు పడ్డారు. "తెలుగువాడని నిర్ధారించుటకు ప్రేక్షక ప్రతీతి పరీక్ష కలదు. చూపరులకు తెలుగువానివలె గోచరించవలెను," అని గంట కొట్టారు. వరండాలోని బంట్రోతు వచ్చాడు.

"ఇతడు ఎవరు?"

బంట్రోతు ఎగాదిగా చూశాడు. "ఫారిన్ ఆయన సార్."

"అన్నా, పొద్దుగాల నీ బండి పెట్టుకోనీకి జాగ జరిపింది నేనే గద," అన్నాడు జాబిర్.

"అరెరె, నువ్వా అన్నా! హెల్మెట్ ఉండె గద, గుర్తు పట్టలే," అన్నాడు బంట్రోతు సంతోషంగా. "మనోడే సార్. మన దిక్కోడే."

"రెండవ సమాధానము చెల్లదు," అన్నారు అధ్యక్షులు. "ఈ పరీక్షయందు సంభాషణ నిషిద్ధము."

ఆ విధంగా జాబిర్ ఆఫ్రికావాడు కాలేదు, తెలుగువాడూ కాలేదు. ఎదురుగా ఉన్న కాగితంలో 'జాతి' అన్నచోట 'పరిశీలనలో ఉన్నది' అని రాశారు. తేలేవరకూ అతను జాతి లేని పాత్రలు మాత్రమే వెయ్యవచ్చు: దయ్యాలు, విగ్రహాలు వగైరా.

"రాక్షసులండీ?" అని అడిగాను నేను.

"ఆ వర్గమునుండి ఇంతవరకు అభ్యంతరము రాలేదు," అన్నారాయన, న్యాయం తప్పకుండా.

మెట్లు దిగుతూ జాబిర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "రైటర్ సాబ్, పొద్దున ఇంట్లకెల్లి ఎల్లినప్పుడైతే నేను మనిషినే గద?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మాత్రం కడుపులోంచే వచ్చింది. అధ్యక్షులు వినలేదు.

జాబిర్ కాకపోతే నిజం కెన్యా వాళ్ళనే తెద్దామని మేం తార్నాక వెళ్ళి, అక్కడ యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్ళను వెతికాం. ఒకతను బంగారంలా దొరికాడు. మండలి ముందు కూర్చోగానే మర్యాద కొద్దీ, "నమస్తే సార్, టిఫిన్ అయిందా?" అని అడిగాడు. 'స్థానిక ప్రభావమునకు లోనైనాడు' అని తిప్పి పంపేశారు. తరవాతి అతనికి తెలుగు రాదు. కానీ అతను సిగ్గరి, నవ్వనే లేదు. ఇంకొకతను నవ్వాడు గానీ, నైరోబీలో భృగుమూర్తి గారు బస చేసిన హోటల్ ఏదో చెప్పలేకపోయాడు.

ఆఫ్రికాలో తగినవాళ్ళు లేరని తేలాక మండలి వారే దారి చూపించారు. 'ఆఫ్రికా ప్రవర్తనలో ధ్రువపత్రం' అని ఒక శిక్షణ పెట్టారు. బోధన అధ్యక్షులవారిదే. నడక, నవ్వు, ఆశ్చర్యపోవడం అని మూడు అంశాలు. ఉత్తీర్ణులైన తెలుగు నటులు, మండలి ఆమోదించిన రంగు పూసుకుని, ఆఫ్రికా పాత్ర ధరించవచ్చు. జాబిర్ అందులోనూ చేరబోయాడు. తెలుగువాళ్ళకే ప్రవేశం అన్నారు. అతని జాతి ఇంకా పరిశీలనలోనే ఉంది.

దమయంతి గారి అక్క కొడుకు సాయి నిహాల్ ఆ ధ్రువపత్రం సంపాదించాడు. పాలమీగడ లాంటి కుర్రాడు. ఎండలో పది అడుగులు వేస్తే చెవులు ఎర్రబడతాయి. నవ్వులో మొదటి స్థానం వచ్చిందట.

ఇక రంగు. మా మేకప్ మనిషి నాగులు మూడు రకాలు కలిపి పంపాడు. మూడూ తిరిగొచ్చాయి. 'జీవించియున్న ప్రమాణముతో సరిపోల్చి పూయవలెను' అని రాశారు. అంటే ఏమిటని దమయంతి గారు ఫోన్ చేసి కనుక్కుంది. ఆ రంగు గల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, చూసి పూయాలట.

అలా జాబిర్‌కు మా సీరియల్లో ఉద్యోగం దొరికింది. హోదా పేరు 'వర్ణ ప్రమాణం'.

పొద్దున్నే వచ్చి నిహాల్ పక్క కుర్చీలో కూర్చునేవాడు. నాగులు జాబిర్‌ను చూసి నిహాల్‌కు పూసేవాడు. ప్రమాణం మారకూడదు గనక ఎండలోకి వెళ్ళొద్దని చెప్పి గొడుగు ఇచ్చారు. నిహాల్ మంచివాడే. "అన్నా, నిన్న పెళ్ళి బారాత్‌లో ఎండలో వాయించారా? ఇవాళ నాకు ఇంకో పూత ఎక్కువ పడిందండీ," అని గారాబంగా విసుక్కునేవాడు. జాబిర్ "సారీ తమ్మి" అనేవాడు. ఒకనాడు నేను ఉండబట్టలేక, ఈ పని ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"అమ్మీకి సీరియల్ల ఉన్ననని చెప్పిన సాబ్," అన్నాడు. "ఉన్న గద, కుర్చీల."

సంగీతం సంగతి వేరే చెప్పాలి. ఆఫ్రికా పాత్ర తెర మీదికి వచ్చినప్పుడల్లా డోళ్ళు మోగాలని మండలి సూచన. మా సంగీత దర్శకుడు దగ్గరలో ఎవరున్నారా అని చూసి, జాబిర్ చేతనే మర్ఫా వాయింపించి పెట్టుకున్నాడు. హైదరాబాదులో ఆ దరువు వింటే ఎవరైనా పెళ్ళికొడుకు గుర్రం కోసం వీధిలోకి తొంగి చూస్తారు. శామ్యూల్ మంచినీళ్ళు అడగడానికి మెట్లు దిగినా ఊరేగింపు వచ్చినట్టే ఉండేది. బామ్మ వేషం వేసే ఆవిడ రెండుసార్లు అలవాటుగా నెత్తిన కొంగు సర్దుకుంది.

ఇలా సాగుతుండగా భృగుమూర్తి గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది.

ఆ రోజు మేడ మీద గదిలో పుట్టినరోజు సీను. దీపాల వెలుగు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని కెమెరామన్ జాబిర్‌కు కూడా నిహాల్ తొడుక్కున్న నీలం సూటే వేయించి నిలబెట్టాడు. సూటులో జాబిర్ దర్జాగా ఉన్నాడు. ఆ దర్జా కళ్ళారా చూసుకోవాలని అద్దం దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. దానికి తోడు ఆనాడే మర్యంబీ కొడుకు షూటింగు చూడాలని టిఫిన్ గిన్నెలో ఖిచిడీ, చింతపండు ఖట్టా పెట్టుకుని ఆటోలో వచ్చేసింది. ఎవరో కుర్చీ వేస్తే ఓ మూల కూర్చుంది.

అధ్యక్షులవారు పరివారంతో లోపలికి వచ్చి, మొట్టమొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచారు. ఎదురుగా నీలం సూట్లలో ఇద్దరు. నిహాల్ నేర్చుకున్న పాఠం ప్రకారం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అత్యంత సహజము," అన్నారు భృగుమూర్తి గారు. పరివారం రాసుకుంది. తరవాత ఆయన దృష్టి జాబిర్ మీద పడింది. నొసలు ముడివడింది. "ఈ రెండవ నటునికి ఎవరు మేకప్ చేసినది? ఇది అతిశయోక్తి. ఒక జాతిని అవమానించునట్లున్నది. తక్షణము కడిగించుడు."

నాగులు రంగు డబ్బా వదిలి ముందుకొచ్చాడు.

"సార్, ఆయనకు మేకప్ లేదండీ," అన్నాడు నాగులు.

"చేసినవాడు చేయలేదనుట సహజము. కడిగించుడు."

దమయంతి గారు ఏదో అనబోయింది. సీరియల్ ఆపేస్తారన్న భయం ఆవిడ మొహంలో కనబడింది. ఆవిడ నోరు మూసుకుంది. నేనూ చేతిలో కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. జాబిర్ అందరి వంకా చూసి, "పర్వాలే, కడుగుత, ఏం పోతది," అని తేలిగ్గా అనేసి, పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

"పోలేదు. మరల."

ఈసారి సబ్బు ఇచ్చారు. జాబిర్ సబ్బుతో కడుక్కుని వచ్చాడు. నీళ్ళు కారి కాలరు తడిసింది.

"మొండి రంగు. కొబ్బరినూనెతో రుద్దించుడు."

నాగులు నూనె సీసా పట్టుకుని వచ్చాడు గానీ తను రుద్దలేదు. సీసా జాబిర్ చేతికే ఇచ్చాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు జాబిర్ పెదాల మీద నవ్వు ఉంది. రెండోసారీ కొంత ఉంది. మూడోసారి తిరిగి వచ్చినప్పుడు లేదు. నూనె మొహంతో, తడి సూటులో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సినిమాల్లో గోదాము తలుపు దగ్గర నిలబడినట్టే.

అప్పుడు లేచింది మర్యంబీ. ఖిచిడీ గిన్నె కుర్చీలో పెట్టి, మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. తెల్లటి దుపట్టా అంచుతో కొడుకు మొహం తుడిచింది. నుదురు, బుగ్గలు, చెవుల వెనక. తుడిచాక భృగుమూర్తి గారి వైపు తిరిగింది.

"సారూ, వీని మొఖం చిన్నప్పటి సంది నేనే కడిగిన. ఇస్కూల్‌కు పోయే ముందట, ఇస్కూల్‌కెల్లి వచ్చినంక. ఈద్‌కు జెర ఎక్కువ కడిగిన. పోయేదుంటే అప్పుడే పోతుండె."

నిహాల్ తల వంచుకున్నాడు. వాడి బుగ్గ మీద చెమట ఒక తెల్ల గీత గీసింది.

భృగుమూర్తి గారు కళ్ళజోడు సర్దుకుని, ఆవిడ చేతిలోని దుపట్టా అంచును అటూ ఇటూ తిప్పి చూశారు. "రంగు అంటలేదు," అన్నారు. పరివారం రాసుకుంది. అంతకంటే ఒక్క మాట మాట్లాడకుండా కారెక్కారు. తాము పొరబడ్డామని అనడానికి మండలికి అధికారం లేదట. తరవాత ఎవరో చెప్పారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నేనే జాబిర్‌కు చదివి వినిపించాను.

"సదరు జాబిర్ బిన్ మర్జాన్ అను వ్యక్తి ముఖమునందలి వర్ణము, నీటితోను, సబ్బుతోను, తైలముతోను కడిగినను తొలగనందున, దానిని శాశ్వత మేకప్‌గా పరిగణించడమైనది. మేకప్‌నకు లోపల ఉన్న వ్యక్తి తెలుగువాడని ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

జాబిర్ పెద్దగా నవ్వలేదు. "చింపేద్దామా సాబ్?" అన్నాడు.

"రెండో వాక్యం మళ్ళీ విను," అన్నాను.

విన్నాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. "అంటే తెలుగోని వేషం..."

"ఏ వేషమైనా."

దమయంతి గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఉత్తర్వు చదివి, బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నాకు నోరు రాలేదండీ. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను," అంది, ఎప్పటి గొంతుతోనే. "మేఘమాల చెల్లెలికి సంబంధం చూస్తున్నాం కదా. ఆ పెళ్ళికొడుకు ఈయనే."

"ఎందుకు అలా ఉన్నాడో కథలో ఏమైనా చెప్పాలా అండీ?" అన్నాను.

"అల్లుడు ఎందుకలా ఉన్నాడని ఎవరింట్లోనైనా చెప్పుకుంటారటండీ? ఒక్క మాట కూడా రాయొద్దు."

రాయలేదు. మేఘమాల చెల్లెలికి విద్యుత్ శాఖలో పనిచేసే పురుషోత్తం అనే కుర్రవాడితో పెళ్ళైంది. కట్నాల గొడవ, వంకాయ కూరలో ఉప్పు గొడవ, ఆడపడుచు చీర గొడవ, అన్నీ మామూలుగానే పెట్టాను. శామ్యూల్‌ను పై చదువులకు కెన్యా పంపించేశాం. రెండో ఉత్తర్వుకు లోటు రాకుండా అతని ఉత్తరాలు మాత్రం బామ్మ చేత చదివించాం. నిహాల్ మొహం కడుక్కుని, హాయిగా, పెళ్ళికూతురి తమ్ముడి వేషంలోకి వచ్చాడు. మర్ఫా దరువు పెళ్ళి సీన్లో వాడుకున్నాం. అక్కడ అది ఎవరికీ వింతగా అనిపించలేదు.

పురుషోత్తం కనబడిన మొదటి ఎపిసోడ్ రోజునే భృగుమూర్తి గారి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"ఆ అల్లుని విషయము..."

"తెలుగువాడేనండీ. తమరే నిర్ధారించారు," అంది దమయంతి గారు.

"మేకప్?"

"శాశ్వతమండీ. అదీ తమరే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "సక్రమముగనే ఉన్నది," అన్నారాయన.

మొదట్లో జనం నుంచి ఏవేవో ప్రశ్నలు వచ్చాయి. మేం ఎవరికీ జవాబు చెప్పలేదు. రెండు మూడు వారాలు గడిచేసరికి ప్రశ్నలు మారిపోయాయి. పురుషోత్తం వేరు కాపురం పెడతాడా, పెట్టడా? పెళ్ళాం ఏడుస్తుంటే తల్లి మాటకు తలూపుతాడేం? ఆ విద్యుత్ శాఖలో అతనికి బదిలీ ఎప్పుడు?

ఒక ఆదివారం పొద్దున్నే జాబిర్ ఫోన్ చేశాడు. వెనకాల సంత గోల. అతను గుక్క తిప్పుకోవడం లేదు.

"సాబ్, మెహదీపట్నం రైతుబజార్ల ఉన్న. బీరకాయలు కొందామని వస్తే ఒకామె నా సంచి గుంజుకున్నది సాబ్!"

"ఎందుకు? ఏమైంది?" అన్నాను కంగారుగా.

"పురుషోత్తం నువ్వే గద అన్నది. అవునన్న. పెండ్లాం ఉపాసముంటే నువ్వు అమ్మ పక్కన కూసొని ముద్దలు మింగుతవా, సిగ్గు లేదా, మొగోనివేనా అన్నది. నీకు బీరకాయలియ్య, పో అన్నది. పక్కోళ్ళు గుడ జమైన్రు సాబ్. గీ కాలం అల్లుండ్లందరు గింతే అని ఒకామె. మా చిన్నల్లుడు అచ్చం వీని లెక్కనే, అదే నడక, అదే మూతి అని ఇంకొకామె. అందరు గలిసి తిట్లతోని దంచిన్రు!"

"అయ్యో! నువ్వేమన్నావ్ మరి?"

"ఏమంట? తప్పైంది అత్తమ్మా అన్న. తల వంచుకొని నిలబడ్డ." అతను ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినబడింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. "సాబ్, రేపు రాసే కథల ఏమున్నది?"

"నీకు బుద్ధొస్తుంది. వేరు కాపురం పెడతావు. పెళ్ళాన్ని బాగా చూసుకుంటావు."

"వద్దు వద్దు, జెర ఆగుండ్రి," అన్నాడు జాబిర్ గాభరాగా. "ఇంక కొన్నొద్దులు అమ్మ పక్కనే కూసుంట. మల్ల ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకు గుడ పోదామనుకుంటున్న."